చేయని తప్పుకు మూతబడే గోష్ఠులు

కొన్ని ఇంటర్నెట్ చిరునామాలు దేశంలో ఎవరికీ తెరుచుకోకుండా సర్వీస్ ప్రొవైడర్ల చేత ప్రభుత్వం ఆపించడమే వడపోత. దానికి చెప్పే కారణాలు చాలావరకు గట్టివే: ఉగ్రవాద ప్రచారం, పసిపిల్లలపై లైంగిక హింస, మతకలహాలను రెచ్చగొట్టే పుకార్లు, సినిమా పైరసీ. అయితే అలా ఆపిన చిరునామా దగ్గర ఆ నేరంతో ఏ సంబంధమూ లేని మనుషులు కూడా కూడి ఉంటారు. ఒక గాయకుడి పాత పాటలు సేకరించేవాళ్లు, ఒక నటుడి సినిమాల్లోంచి సన్నివేశాలు కత్తిరించి కొత్త పాటకు అతికించేవాళ్లు, తమకు నచ్చిన నవలలోని పాత్రలకు కొత్త కథలు అల్లేవాళ్లు అక్కడే కలుసుకుంటారు. ఒకడి తప్పుకు ఆ గోష్ఠి మొత్తం మూతబడితే ఆ శిక్ష ధర్మమేనా? ఈ వివాదం కోర్టుల్లో చట్టం భాషలోనూ, ఇంజనీర్ల మధ్య యంత్రాల భాషలోనూ నడుస్తోంది. కర్మ ఎవరిది, ఫలం ఎవరిది అని మన దర్శనాలు వేల ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నే దాని అడుగున ఉంది.

ముందుగా అభిమాన గోష్ఠి విలువ ఎంతో తేలాలి. అది ఒట్టి కాలక్షేపమైతే దేశభద్రత ముందు దాని బరువు సున్నా. భారతీయ అలంకారశాస్త్రం అలా అనుకోలేదు. పదో శతాబ్దం చివర, పదకొండో శతాబ్దం మొదట కాశ్మీరంలో జీవించిన అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి రాసిన వ్యాఖ్యలో నటుడితో సమానంగా సహృదయుడికీ స్థానమిచ్చాడు. నాటకంలోని దుఃఖం పాత్రదో ప్రేక్షకుడిదో కాకుండా అందరిదీ అయినప్పుడే రసమవుతుందన్నది ఆయన నిలబెట్టిన సాధారణీకరణ సిద్ధాంతం. తంత్రాలోకంలో మరో అడుగు ముందుకు వేశాడు. సంగీత నృత్య సభలో అందరి మనసులూ ఒకేచోట లగ్నమైతే ఒకరి ఆనందం మరొకరిలో ప్రతిఫలించి నిండుగా విచ్చుకుంటుందన్నాడు. ఈ దృష్టితో చూస్తే గోష్ఠి రసానుభవంలో ఒక భాగమే. పాటను ఒంటరిగా వినగల స్వేచ్ఛను మాత్రం మిగిల్చి, కలిసి వినే చోటును తీసేస్తే సగం అనుభవం పోయినట్టే.

ఓరుగల్లు సీమలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పాలకుర్తి, బమ్మెర రెండూ ఉమ్మడి వరంగల్ జిల్లా ఊళ్లే. పాలకురికి సోమనాథుడు శివభక్తుల కథలను జనం గొంతెత్తి పాడుకోవడానికి వీలుగా ద్విపదలో బసవపురాణంగా కూర్చాడు. బమ్మెర పోతన తెలుగు చేసిన భాగవతం ఏడో స్కంధంలో ఒక నిషేధం కథ ఉంది. శ్రీహరిని కొలవడం హిరణ్యకశిపుడి రాజ్యంలో రాజద్రోహం. కొడుకును చండామార్కుల బడిలో వేసింది ఆ తలపు అంటకుండా చూడడానికే. గురువులు ఇంటి పనుల మీద వెళ్లిన వేళ తోటి పిల్లలు ప్రహ్లాదుణ్ణి ఆటకు పిలుస్తారు. అతడు వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని తనకు ఇష్టమైన దేవుడి గురించి చెబుతాడు. రాజాజ్ఞకు ఆ మాటలు ఆగలేదు. గురువులు లేని వేళ చూసుకుని సాగాయి. ఈ కథను భక్తి కోసం చదివినవాళ్లే ఎక్కువ. రాజ్యానికీ గోష్ఠికీ ఉన్న సంబంధం గురించి కూడా అది చాలా చెబుతుంది.

పోతన భాగవతం మరో విధంగానూ ఇక్కడ ప్రస్తుతమే. అందులో ఐదో స్కంధం గంగన రాసింది, ఆరోది ఏర్చూరి సింగన రాసింది, పదకొండు, పన్నెండు స్కంధాలు వెలిగందల నారయవి. కృతిని అంకితమివ్వలేదన్న కోపంతో సర్వజ్ఞ సింగభూపాలుడు గ్రంథాన్ని నేలలో పాతిపెట్టించాడనీ, అందుకే కొంత శిథిలమైందనీ జనంలో ఒక కథ ఉంది. దానికి గట్టి చారిత్రక ఆధారం లేదు. అయినా ఆ కథలో రెండు సంగతులు పక్కపక్కన నిలిచాయి: అధికారం ఒక గ్రంథాన్ని కనపడకుండా చేయడం, ఆ గ్రంథాన్ని ప్రేమించినవాళ్లు తమ చేతులతో లోటు పూడ్చడం. ఇష్టమైన రచనను కొనసాగించి రాయడం ఇంటర్నెట్‌తో పుట్టిన వింత అనుకునేవాళ్లు ఈ నాలుగు స్కంధాలను గుర్తుచేసుకోవాలి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ గోష్ఠి సినిమాహాలు ముందుకు చేరింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ కాలం నుంచి తెలుగునాట అభిమాన సంఘాలు బ్యానర్లు కట్టాయి, రక్తదానాలు చేశాయి, గొడవలూ పడ్డాయి. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు అవి రాజకీయశక్తి కూడా అయ్యాయి. చిరంజీవి అభిమానుల మీద ఎస్.వి. శ్రీనివాస్ చేసిన పరిశోధన వీటిని పౌరజీవితంలో ఒక భాగంగానే పరిగణించింది. ఇంటర్నెట్ వచ్చాక గోష్ఠికి ఊరి పొలిమేర చెరిగిపోయింది. తెలుగు సాహిత్యాభిమానులు యాహూ గ్రూపుల్లో రచ్చబండ పేరుతో కలుసుకుని ఛందస్సు మీద, కథల మీద వాదించుకున్నారు. 2022 అక్టోబరులో ‘ఆర్ఆర్ఆర్’ జపాన్‌లో విడుదలయ్యాక అక్కడి ప్రేక్షకులు గీసిన బొమ్మలను తెలుగువాళ్లు ఇక్కడ ఫోన్లలో చూసుకున్నారు. నేడు ఓరుగల్లు సీమలోని హసన్‌పర్తి మండలంలో ఎర్రగట్టు గుట్ట దగ్గర, అనంతసాగరంలో ఉన్న ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థికి సినిమా, క్రికెట్, జపాన్ యానిమేషన్, కొరియా పాటలు అన్నింటికీ గోష్ఠి చేతిలోని ఫోనులోనే ఉంది. అయితే ఈ చోట్లలో ఒక్కటీ అభిమానుల సొంతం కాదు. అన్నీ ఏదో ఒక కంపెనీ అరుగు మీదో, ఎక్కడో స్వచ్ఛందంగా నడిచే సర్వర్ మీదో నిలిచినవే. వడపోత దెబ్బ ఈ గోష్ఠులకు తేలిగ్గా తగలడానికి కారణం ఇదే.

భారతదేశంలో ఈ అధికారానికి మూలం ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్. 2008 సవరణతో చేరి 2009 అక్టోబరు 27 నుంచి అమలులోకి వచ్చింది. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో మైత్రి, శాంతిభద్రతల వంటి కారణాలు చూపి కేంద్రం ఏ సమాచారాన్నైనా ప్రజలకు అందకుండా చేయవచ్చు. అదే ఏడాది వచ్చిన నియమాల ప్రకారం ఫిర్యాదును ఒక కమిటీ పరిశీలించాలి, సమాచారం పెట్టిన వ్యక్తికో వేదికకో నోటీసు ఇవ్వడానికి ప్రయత్నించాలి. అత్యవసరమైతే ముందు ఆపి తర్వాత వినవచ్చు. పదహారో నియమం మొత్తం వ్యవహారాన్ని గోప్యంగా ఉంచమంటుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది, 69ఏని మాత్రం నిలబెట్టింది. ఆదేశానికి కారణాలు రాతపూర్వకంగా ఉంటాయి కనుక వాటిని సవాలు చేయవచ్చన్నది అందుకు చూపిన ఆధారాల్లో ఒకటి. కానీ ఆదేశం గోప్యమైతే ఆ కారణాలు దెబ్బ తిన్నవాడి కంట ఎలా పడతాయి? ఆ తీర్పు తర్వాత కూడా ఈ ముడి విడలేదు. ఇక హోంశాఖ తెచ్చిన సహయోగ్ పోర్టల్ ద్వారా 79వ సెక్షన్ కింద తొలగింపు నోటీసులు పంపే మరో దారి వచ్చింది. దాన్ని సవాలు చేస్తూ ఎక్స్ సంస్థ వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 24న కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది.

చట్టం ఒక పేజీనే ఆపమన్నా యంత్రం అంత సన్నగా కోయలేదు. ఒకప్పుడు వెబ్ పేజీలు ముసుగు లేకుండా ప్రయాణించేవి కాబట్టి పాఠకుడు ఏ పేజీ అడిగాడో సర్వీస్ ప్రొవైడర్‌కు కనిపించేది. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ వాడే హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలో సైటు పేరు మాత్రమే బయటకు తెలుస్తుంది, లోపలి పేజీ ఏదో తెలియదు. ఒక పేజీని ఆపమని ఆదేశం వస్తే ప్రొవైడర్ సైటు మొత్తాన్నైనా ఆపాలి, లేదా చేతులెత్తేయాలి. గూగుల్, మెటా వంటి సంస్థలకు ఆదేశం వెళితే ఆ ఒక్క వీడియోను భారతదేశం వరకు కనపడకుండా చేయగల యంత్రాంగం వాటికి ఉంది. పదిమంది అభిమానులు తీరిక వేళల్లో నడిపే పాటల భాండారానికి, కథల సంగ్రహానికి న్యాయవాదీ ఉండడు, నోటీసు చదివే ఉద్యోగీ ఉండడు. కాబట్టి పెద్ద వేదికకు గీత పడే చోట చిన్న గోష్ఠికి గొంతే తెగుతుంది.

మాటల్ని బట్టి తప్పును పసిగట్టే యంత్రాలకు మరో చిక్కు ఉంది. తెలుగు సినిమా అభిమాని మెచ్చుకోలంతా యుద్ధభాషలో ఉంటుంది. హీరో చంపేశాడంటాడు, బాక్సాఫీసు ఊచకోత అంటాడు, మొదటి రోజు థియేటర్లు తగలబడతాయంటాడు. పక్కన కూర్చున్న మనిషికి ఇందులోని ప్రేమ వెంటనే తెలుస్తుంది. మాటలు లెక్కపెట్టే యంత్రం ఇందులో హింసనే చూసే ప్రమాదం ఉంది. తెలుగు వంటి భాషలకు శిక్షణ సరిగా అందని యంత్రాల విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇవి ఊహించుకున్న భయాలు కావు. 2003 సెప్టెంబరులో మేఘాలయకు చెందిన ఒక వేర్పాటువాద సంస్థతో ముడిపడ్డ క్యున్‌హున్ అనే చిన్న యాహూ గ్రూపును ఆపమని కేంద్రం ఆదేశించింది. ఒక్క గ్రూపును విడిగా ఆపే సాధనం లేక సర్వీస్ ప్రొవైడర్లు యాహూ గ్రూపులన్నింటినీ ఆపేశారు. 2006 జులైలో ముంబయి రైలు పేలుళ్ల తర్వాత కొన్ని పేజీలను ఆపమంటే బ్లాగ్‌స్పాట్ మొత్తం ఆగింది. కూడలి, లేఖిని వంటి సాధనాలతో తెలుగు బ్లాగులు అప్పుడప్పుడే పుంజుకుంటున్న ఏడాది అది.

తెలుగు అభిమానికి మరీ దగ్గరగా తగిలింది 2012 నాటి సంగతి. జూనియర్ ఎన్టీఆర్ ‘దమ్ము’, ధనుష్ ‘3’ చిత్రాల పైరసీని ఆపడానికి చెన్నైలోని కాపీరైట్ ల్యాబ్స్ సంస్థ మద్రాసు హైకోర్టు నుంచి ఆదేశాలు తెచ్చుకుంది. పేరు తెలియని ముద్దాయిల మీద ముందుగానే ఇచ్చే ఆదేశాలవి. వాటిని చేతపట్టుకుని మే నెలలో ప్రొవైడర్లు పైరేట్ బేతో పాటు విమియో, డెయిలీమోషన్, పేస్ట్‌బిన్‌లనూ మూసేశారు. ఆ సినిమాల దొంగ ప్రతులతో ఏ సంబంధమూ లేని లఘుచిత్రాలు, సంగీతం, అభిమానుల వీడియోలు అన్నీ వాటితోపాటే కనుమరుగయ్యాయి. జూన్‌లో అదే హైకోర్టు, నిర్దిష్టమైన లింకులనే ఆపాలి తప్ప సైట్లను మొత్తంగా ఆపకూడదని స్పష్టం చేసింది. అప్పటికి వారాలు గడిచిపోయాయి. ఒక హీరో సినిమాను కాపాడే పేరుతో ఆ హీరో అభిమానులు కూడా వాడుకునే వేదికలు మూతబడ్డాయి. ఇంత జరిగినా పాఠం నిలవలేదు. 2017 ఆగస్టులో రెండు హిందీ సినిమాల కోసం వచ్చిన ఇలాంటి ఆదేశంలో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా చిక్కుకుంది. పాత పుస్తకాలను, మూతబడ్డ వెబ్‌సైట్ల ప్రతులను ప్రపంచమంతటికీ ఉచితంగా అందించే గ్రంథాలయం అది.

వీటన్నిటికంటే పెద్దది టిక్‌టాక్ ఉదంతం. 2020 ఏప్రిల్ చివర, లాక్‌డౌన్ రోజుల్లో, ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ ‘అల వైకుంఠపురములో’ చిత్రంలోని ‘బుట్టబొమ్మ’ పాటకు భార్యతో కలిసి స్టెప్పులేసిన వీడియో అక్కడే పుట్టింది. క్రికెట్ అభిమానం, సినిమా అభిమానం ఒకే గోష్ఠిలో కలిశాయి. స్టూడియో గడప తొక్కే వీలులేని పల్లెటూరి దంపతులు, కూలిపని చేసుకునేవాళ్లు ఆ వేదిక మీద డాన్సులు చేసి తెలుగునాట పేరు తెచ్చుకున్నారు. 2020 జూన్ 29న కేంద్రం 69ఏ సెక్షన్ కింద టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. సరిహద్దులో గల్వాన్ ఘర్షణ జరిగి రెండు వారాలే అయింది. ప్రజల సమాచారం దేశం దాటిపోతోందన్న ఆందోళనను కొట్టిపారేయలేం. కానీ తర్వాత వివరణ అడిగింది కంపెనీలను మాత్రమే. దేశంలో దాదాపు 20 కోట్లమంది వాడుతున్నారని చెప్పిన ఆ వేదిక మీద వీడియోలు పోగుచేసుకున్నవాళ్లను ఎవరూ అడగలేదు. ఇన్‌స్టాగ్రామ్‌కో యూట్యూబ్‌కో వెళ్లవచ్చుగా అన్నారు. మనుషులు వెళ్లగలరు. ఒకరి వీడియోకు మరొకరు జోడించిన వీడియో, దాని కింద నడిచిన మాటామంతీ, ఏళ్ల తరబడి కూడిన అనుచరులు వెళ్లలేరు.

భారతీయ దర్శనాల్లో ఏ సిద్ధాంతాన్నైనా పరీక్షించడానికి వాడే రెండు దోషాలు ఈ చర్చకు సరిగ్గా అతుకుతాయి. చేసిన కర్మకు ఫలం లేకుండా పోవడం కృతనాశం. చేయని కర్మకు ఫలం వచ్చి మీదపడడం అకృతాభ్యాగమం. క్షణక్షణం మనిషి మారిపోతాడంటే కర్మ చేసినవాడొకడు, అనుభవించేవాడొకడు అవుతాడు కదా అని నైయాయికులు, వేదాంతులు బౌద్ధులను నిలదీసింది ఈ దోషాలు చూపే. ఎవరు గెలిచారన్నది వేరే చర్చ. ఏ పక్షమూ ఈ దోషాలను అంగీకరించి బతకాలని చూడలేదన్నది గమనించాల్సిన సంగతి. మొరటు వడపోతలో రెండు దోషాలూ ఒకేసారి కనిపిస్తాయి. పైరసీ సైటు చిరునామా మార్చుకుని మళ్లీ తెరుచుకుంటుంది, అది కృతనాశం. పక్కనున్న గోష్ఠి మూతబడుతుంది, అది అకృతాభ్యాగమం. ఎర్రగట్టు జాతరలో ఒకడు జేబు కొడితే పోలీసులు వాణ్ణి వెతుకుతారు తప్ప గుట్టకు వెళ్లే దారి మూసెయ్యరు.

వెతికితే దొరుకుతారనడానికి తెలుగునాటే సాక్ష్యాలున్నాయి. ఐబొమ్మ అనే పైరసీ సైటు ఏళ్ల తరబడి చిరునామాలు మారుస్తూ నడిచింది. నిర్వాహకుడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు 2025 నవంబరులో ఒకరిని అరెస్టు చేశాకే అది మూతబడింది. నటి రష్మిక ముఖాన్ని అతికించిన నకిలీ వీడియో కేసులో ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. ఆమె పేరిట నడిపే అభిమాన పేజీకి అనుచరులను పెంచుకోవడానికే అలా చేశాడని పోలీసులు చెప్పారు. అభిమాన గోష్ఠులు అమాయకమైనవేనని వాదించేవాళ్లు ఈ రెండో కేసును మరవకూడదు. హీరోల అభిమానులు ఒకరి తల్లులను ఒకరు తిట్టుకోవడం, నటీమణుల మీద అసభ్యంగా విరుచుకుపడడం తెలుగు సోషల్ మీడియాలో రోజూ కనిపించే సిగ్గుచేటు వ్యవహారం. రాజ్యం చూస్తూ ఊరుకోవాలని ఎవరూ అనరు. దండం మరీ కఠినమైతే జనం బెదిరిపోతారనీ, మరీ మెత్తనైతే లెక్కచేయరనీ, తగినంతగా ఉంటేనే గౌరవిస్తారనీ కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చెప్పాడు. నకిలీ వీడియో కేసులో దండం చేసినవాడి మీద పడింది, మిగతా అభిమాన పేజీలు తెరిచే ఉన్నాయి. తగిన దండం అంటే అదే.

వడపోత మనుషుల్లోకి ఇంకితే ఏమవుతుందో చైనా చూపించింది. 2020 ఫిబ్రవరిలో నటుడు షావ్ జాన్ అభిమానుల్లో కొందరికి, అతడి మీద అల్లిన ఒక కథ నచ్చలేదు. ఆ కథ లింకు ఉన్న ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే అంతర్జాతీయ కథల సంగ్రహం మీద అధికారులకు కట్టకట్టుకుని ఫిర్యాదులు చేశారు. ఫిబ్రవరి 29 నాటికి అది చైనాలో మూతబడింది. ఆ కథతో సంబంధంలేని వేలమంది రచయితలు తమ పాఠకులను పోగొట్టుకున్నారు. ఆగ్రహించిన వాళ్లు ఆ నటుడినే బహిష్కరించారు. అభిమానులు అభిమానుల మీద రాజ్యాన్ని ఉసిగొల్పితే తాము కాపాడాలనుకున్న మనిషికీ మేలు జరగలేదు. 2021 ఆగస్టులో చైనా సైబర్ పరిపాలనా సంస్థ తారల ర్యాంకుల జాబితాలనే నిషేధించి, అభిమాన బృందాల మీద నేరుగా ఆంక్షలు పెట్టింది. ప్రజాస్వామ్య దేశమైన ఆస్ట్రేలియాలో కూడా తప్పనిసరి వడపోత ప్రతిపాదన వచ్చింది. 2009లో బయటపడ్డ అక్కడి రహస్య జాబితాలో ఒక దంతవైద్యుడి వెబ్‌సైటు కూడా ఉంది. 2012 నవంబరులో ప్రభుత్వం ఆ ప్రతిపాదనను విరమించుకుంది.

వడపోతను సమర్థించేవాళ్ల బలమైన వాదం ఒకటి మిగిలింది: ఆపదలో ఆలస్యం ప్రాణాంతకం, ఒక పుకారు గంటలో ఊరిని తగలబెడుతుంది, వినడానికి వ్యవధి ఎక్కడ? ఇది నిజమే. కానీ ముందు ఆపడానికి ఉన్న కారణం ఎన్నటికీ వినకపోవడానికి కారణం కాలేదు. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షాన్ని పూర్తిగా చెప్పకుండా సిద్ధాంతం చెప్పడం తప్పు. ప్రత్యర్థి వాదాన్ని అతడికన్నా బాగా చెప్పి ఆ తర్వాతే ఖండించాలి. గోప్యమైన ఆదేశంలో పూర్వపక్షానికి చోటే లేదు. హసన్‌పర్తిలోని విద్యార్థికి ఒకరోజు పేజీ తెరుచుకోదు. అది ప్రభుత్వం ఆపిందా, సర్వర్ చెడిందా, నెట్ ప్యాక్ అయిపోయిందా తెలియదు. తెలియని అన్యాయాన్ని ఎవరూ ప్రశ్నించలేరు. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇంటర్నెట్ నిలిపివేత ఆదేశాలను ప్రచురించి తీరాలని చెప్పింది. ఊరంతటికీ నెట్ ఆపే ఆదేశం బయటపెట్టాలంటే, ఒక గోష్ఠిని ఆపే ఆదేశాన్ని దాచడానికి న్యాయమైన కారణం కనిపించదు.

ఆపిన ప్రతి పేజీ దగ్గర ఎవరు, ఏ సెక్షన్ కింద, ఏ తేదీన, ఎంతకాలానికి ఆపారో రాసి ఉండాలి. ఒక్క అంశం కోసం సైటు మొత్తాన్ని ఆపకూడదని నియమాల్లోనే ఉండాలి. పొరపాటున చిక్కుకున్న గోష్ఠి ఖర్చు లేకుండా మొర పెట్టుకునే చోటు ఉండాలి. పసిపిల్లల హింసకు సంబంధించిన చిరునామాలను బయటపెట్టకపోవడం వంటి మినహాయింపులు కొన్ని తప్పవు, వాటికి మాత్రమే గోప్యత చాలు. ఇందుకు పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కరలేదు. పదహారో నియమం కేంద్రప్రభుత్వం రాసిన నియమమే, గెజిట్‌లో ఒక ప్రకటనతో దాన్ని సవరించవచ్చు.